బావ మందుల సంచి, ఎస్తేరు ఎక్కిన విమానం

నా ఉద్యోగమంతా గోదావరిఖనిలో, బొగ్గుబాయిల కంపెనీ దవాఖానలో ఫార్మసిస్టుగా గడిచింది. మధ్యలో కొంతకాలం మందమర్రిలో, కొంతకాలం బెల్లంపల్లిలో వేశారు గానీ తిప్పితిప్పి మళ్లీ ఇక్కడికే తెచ్చి పడేశారు. జనం మమ్మల్ని ఫార్మసిస్టు అనరు, కంపౌండరు సారు అంటారు. ఇప్పుడు కొత్తగా చేరుతున్న పిల్లలు ఆ మాటకు ముఖం ముడుచుకుంటున్నారని విన్నాను. ముడుచుకోకండి. ఏ పేరుతో పిలిచినా ఆ కిటికీ వెనక మన పని ఒకటే. సరైన మందును, సరైన మనిషికి, ఆ మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పి ఇవ్వాలి. మందు సంగతి, మనిషి సంగతి నాకు బాగా వచ్చు. అర్థమయ్యేటట్టు చెప్పడం నాకంటే మా నర్సు ఎస్తేరుకు బాగా వచ్చు. ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దున్నుంచి ఎన్ని కాగితాలు చింపానో మా ఇంటామెకు తెలుసు.

ప్రమోషన్లు, బదిలీలు, యూనియన్ గొడవలు నేను రాయను. అవి అందరికీ ఉన్నవే. విమానంలో చేతిసంచితో మందులు తీసుకుపోవడం గురించి రాస్తాను. బొగ్గు ఊరోళ్లకు విమానంతో ఏం పని అని నవ్వేవాళ్లు నవ్వండి. గల్ఫుకు పోయేవాళ్లు, ఆపరేషన్ కోసం దూరపు ఊళ్లకు పోయేవాళ్లు, పుణ్యక్షేత్రాలకు పోయేవాళ్లు, అందరూ ముందు రోజు నా కిటికీ దగ్గరికే వచ్చేవారు. వాళ్లందరికీ సంచి కట్టి పంపిన నేను మాత్రం ఈ రోజుకీ విమానం ఎక్కలేదు. ఆ మంట ఈ రాతలో అక్కడక్కడా తగులుతుంది, సర్దుకోండి.

కాగితం పొట్లాల కాలం

నేను చేరినప్పుడు మాత్రలు పెద్ద డబ్బాల్లో వచ్చేవి. లెక్కపెట్టి పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్లం. పొద్దున వేసుకునేదానికి ఒక మడత, రాత్రి వేసుకునేదానికి ఇంకో మడత. చదువు రానివాళ్లకు ఆ మడతలే అక్షరాలు. దగ్గు మందు వాళ్లు తెచ్చుకున్న సీసాలోనే పోసేవాళ్లం. ఆ సీసాలో అంతకుముందు ఏం ఉండేదో దేవుడికే తెలియాలి.

పెద్దపల్లి వైపు నుంచి మా కార్మికుడొకాయన కొడుకు గల్ఫుకు పోతూ మూర్ఛ మాత్రలు తీసుకున్నాడు. ఆర్నెల్లకు సరిపడా శ్రద్ధగా పొట్లాలు కట్టి ఇచ్చాను. అక్కడ దిగగానే చేతిసంచి తెరిచి, ఇవేం మాత్రలని అడిగారట. పేరు లేదు, చీటీ లేదు, పేపరు మీద మాత్రం ఏదో సినిమా ప్రకటన ఉంది. అన్నీ తీసేసుకున్నారు. వారం తిరగకముందే పని చేసేచోట మూర్ఛ వచ్చి పడ్డాడు. కంపెనీవాళ్లు తిప్పి పంపారు. తండ్రి నా దగ్గరికొచ్చాడు. కొడుకు జేబులో మిగిలిన ఒక్క పొట్లాన్ని నా కిటికీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటి మా సూపరింటెండెంట్ మేడమ్ ఆ పొట్లాన్ని నా ముందు పెట్టి, దీని మీద ఏం రాసుందో చదవమంది. నేను సినిమా పేరు చదివాను. ఆమె నవ్వలేదు.

"అక్కడ నువ్వుండవు. మందు తన సంగతి తనే చెప్పుకోవాలి," అంది.

నా ఉద్యోగంలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి. ఆ మేడమ్ కోపిష్టి, ఎవరికీ సెలవు ఇచ్చేది కాదు, అయినా ఆమె చెప్పిన మాట చెప్పినట్టు పాటించాను. అప్పటినుంచి ప్రయాణం అంటే చాలు, మాత్రలు తయారైన పట్టీల్లోనే, డబ్బాతో సహా ఇచ్చేవాణ్ని. డబ్బా మీద మనిషి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసేవాణ్ని. డాక్టరు చీటీ ఇంగ్లీషులో, ముద్రతో, సంచి పైనే ఉండాలి. విమానాల్లో ద్రవాల మీద కట్టుబాట్లు వచ్చాక అవి కూడా కంఠస్థం చేశాను. దేశం దాటే విమానంలో చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటిన సీసా ఉండకూడదు. ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటుంది. సీసాలో ఎంత మిగిలిందని వాళ్లు చూడరు, సీసా ఎంతది అని చూస్తారు. రెండు వందల సీసాలో అడుగున రెండు చెంచాల అరుగుదల మందున్నా అది చెత్తబుట్టలోకే పోతుంది. ప్రయాణంలో తప్పనిసరి అయిన మందుకు మినహాయింపు ఉంది గానీ దాన్ని మనమే విడిగా తీసి, ఇది మందు అని చూపాలి. మామిడికాయ తొక్కు మీది నూనె కూడా ద్రవమే అని ఎంతమందికి చెప్పి తిట్లు తిన్నానో.

ఇంత తెలిసినవాణ్ని నేను. కరీంనగర్‌లో కూడా నా అంత తెలిసినవాడు లేడని నా నమ్మకం.

ఎస్తేరు

నా కిటికీ పక్కనే ఇంజెక్షన్ గది. అక్కడి స్టాఫ్ నర్సు ఎస్తేరు, నాకంటే చాలా చిన్నది. వాళ్ల నాన్న ఒకప్పుడు బాయి దిగే చోట తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. మనిషి నల్లగా, సన్నగా, ఎప్పుడూ చేతిలో దూది పట్టుకుని ఉంటుంది. చూస్తే ఏమీ ఉండదు. కానీ దవాఖానకు వచ్చే ప్రతివాడికీ ఆమె బిడ్డ, నేను సారు.

నేను మందు ఇచ్చి, ఎప్పుడు వేసుకోవాలో, దేంతో వేసుకోకూడదో, వివరంగా చెబుతాను. సరే సారూ అని తలూపుతారు. ఊపి, నేరుగా ఇంజెక్షన్ గదిలోకి పోయి, ఇది ఎట్ల ఏసుకోవాలె బిడ్డా అని అడుగుతారు. నాకు వినబడేటట్టే అడుగుతారు. ఆమె ఏం మంత్రం వేస్తుందో చూద్దామని ఒకసారి తలుపు దగ్గర నిలబడి విన్నాను. నేను చెప్పినదాంట్లో సగం కూడా చెప్పలేదు. ముందు కోడలు అలిగి పోయింది కదా, వచ్చిందా అని అడిగింది. బర్రె ఈనిందా అని అడిగింది. ఆ తర్వాత, పొద్దుగాల బువ్వ తిన్నంక ఒకటి, అంతే కాకా, అంది. ఆ ముసలాయన అదేదో వేదవాక్కు అయినట్టు చేతులు జోడించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మామిడిపండ్ల కాలం వస్తే ఆమె బల్ల మీద పండ్లు, క్రిస్మస్ వస్తే ఆమె బల్ల మీద కేకులు. నా కిటికీ గట్టు మీద ఎప్పుడు చూసినా తంబాకు మరకలే.

ఒక్క సీటు

మేమూ ఎస్తేరు వాళ్లూ ఒకే చర్చి. శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక, తెలంగాణ ఇంకా రాకముందు, మా చర్చి నుంచి జెరూసలేం యాత్రకు ఒక జట్టు బయలుదేరింది. అందరూ రిటైరైన బాయి కార్మికులు, వాళ్ల భార్యలు, వితంతువులు. షుగరు లేనివాడికి బీపీ, బీపీ లేనివాడికి బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు. ఇంతమంది ముసలివాళ్లు కదా, మందులూ మాకులూ చూసుకోవడానికి ఒక మనిషిని మీరే పంపండి, ఆ సీటు మేమిస్తాం అని యాత్ర నడిపేవాళ్లు అన్నారు.

మందులు చూసుకోవడానికి ఒక మనిషి అంటే ఎవరు? నేను ఆ సాయంత్రమే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. అది వచ్చింది కూడా. బీరువాలో చీరల కింద ఉంది, ఇప్పటికీ దాంట్లో ఒక్క ముద్ర లేదు.

చర్చి పెద్దలు కూర్చుని ఎస్తేరు పేరు చెప్పారు. జట్టులో ఆడవాళ్లు ఎక్కువ, స్నానానికీ పాయిఖానాకూ చెయ్యందించాలి, ఆడమనిషైతే మేలు అని పాస్టరు నాకు నచ్చజెప్పాడు. నిజమే. నిజం కాబట్టి ఎదురు మాట్లాడే వీలు కూడా లేక ఇంకా మండింది. ఇంటికొచ్చి చెబితే మా ఇంటామె, నీకు మంచిర్యాల బస్సులనే వాంతులైతయి, విమానం ఎక్కి ఏం జేస్తవ్, అంది.

దాచడమెందుకు, ఎస్తేరు పాస్‌పోర్టు పోలీసు ఎంక్వయిరీలో ఆగిపోతే బాగుండునని చర్చిలో కూర్చునే కోరుకున్నాను. ఆగలేదు. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ తల్లికి కూడా ఆమె ఎప్పుడో సూదులు వేసిందట.

బావ

జట్టులో మా బావ యేసుదాసు కూడా ఉన్నాడు. మా అక్క భర్త. బాయిలో బొగ్గు నింపే ఫిల్లరుగా చేరి, ఫిల్లరుగానే దిగిపోయిన మనిషి. యొర్దాను నదిలో కాళ్లు పెట్టాలని అక్కకు పెళ్లినాటి నుంచీ కోరిక. ఆ కోరిక తీరకుండానే పోయింది. తాను పోయి ఆ నీళ్లు తెచ్చి అక్క సమాధి మీద పొయ్యాలని బావ పట్టుపట్టాడు.

బావకు షుగరు ముదిరింది. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ పడాలి. ఒకసారి పెళ్లికి పోయి రెండు పూటలు మానేస్తే ఆయన ఎట్లయ్యాడో నేను కళ్లారా చూశాను. మనుషుల్ని గుర్తుపట్టలేదు, ఊపిరి ఎగపోశాడు, ఐసీయూలో పడుకోబెట్టాల్సి వచ్చింది. యాత్రకు పంపడానికి మా డాక్టరు అసలు ఒప్పుకోలేదు. ఇన్సులిన్ మనిషి చేతిలోనే ఉంటుందని, ఒక్క పూట కూడా తప్పదని నేను పూచీ పడితే ఒప్పుకున్నాడు. అక్క ఉంటే అక్క పూచీ పడేది. ఇప్పుడు నేనే కదా.

బావ గురించి ఇంకో మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. భూగర్భ బాయిల్లో గ్యాసు ఉంటుంది. బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోతే అందరి ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని దిగే ముందు ప్రతి మనిషినీ తడిమి చూస్తారు. తడిమేటప్పుడు ఏదైనా దొరికితే మనవాళ్లు చెప్పే జవాబు ఒక్కటే, నాది కాదు. ఒప్పుకుంటే ఛార్జిషీటు. ఒప్పుకోకపోతే తిట్టి, దొరికినదాన్ని డబ్బాలో పడేసి, దిగు పో అంటారు. బావ ఒకసారి రొండిలో బీడీల కట్టతో దొరికిపోయాడు. పట్టుకున్నది ఎస్తేరు వాళ్ల నాన్నే. నాది కాదు అన్నాడట బావ. మరి నీ రొండిలోకి ఎగిరొచ్చిందా అని ఆయన అడిగితే, ఏమో సార్ నాకేం ఎరుక, అన్నాడట. ఈ కథను బావ ప్రతి పెళ్లిలోనూ గొప్పగా చెప్పేవాడు. ఎస్తేరు దాన్ని వాళ్లింట్లో అటువైపు నుంచి విని పెరిగింది.

సంచి కట్టడం

బావ సంచిని నేను కట్టినట్టు ఎవరూ కట్టలేరు. ఇన్సులిన్ సీసాలు వాటి డబ్బాల్లోనే, డబ్బాల మీద పేరు. వాటిని తువాలులో చుట్టి, ఆ చుట్టూ చల్లటి జెల్లు ప్యాకెట్లు పెట్టాను. గడ్డకట్టిన ప్యాకెట్ నేరుగా తగిలితే ఇన్సులిన్ పాడవుతుంది, చాలామందికి తెలియదు. విమానం అడుగున వేసే సామానులో పెడితే పైన చలికి గడ్డకట్టొచ్చు, సామాను వేరే ఊరికి పోనూవచ్చు, అందుకే చేతిసంచి. సిరంజీలు సీలు తీయకుండా. పైన డాక్టరు చీటీ. సంచి బయట పెద్ద అక్షరాలతో బావ పేరు, జబ్బు పేరు, దవాఖాన ఫోను నంబరు, దాని కింద నా పేరు. మేడమ్ అన్నట్టు, నేను లేకపోయినా మందు తన సంగతి తనే చెప్పుకుంటుంది.

బయలుదేరే ముందు ఎస్తేరును కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. నేను ఎక్కని విమానంలో ఎట్లా కూర్చోవాలో ఎక్కే మనిషికి చెప్పడం ఎట్లా ఉంటుందో మీరెవరూ పడకూడదు. కావాలనే ఎక్కువ చెప్పాను. ఆమె అన్నీ విని ఒకే ఒక్కటి అడిగింది, యేసుదాసు కాక ఇన్సులిన్‌లో సగం నా సంచిలో పెట్టుకోనా సార్, అని.

కుదరదన్నాను. ఒకరి పేరున్న మందు ఇంకొకరి సంచిలో దొరికితే జవాబు చెప్పలేక చావాలి, ఎవరి మందు వారి చేతిలోనే ఉండాలి, రూలు, అన్నాను. అందులో రూలు ఎంత, కుళ్లు ఎంత అని నన్నడగకండి. మీరు మాత్రం రెండు సంచులు కట్టండి. రెండో సంచిలో డాక్టరు చీటీ నకలు పెడితే ఆ ఇబ్బంది తీరిపోతుంది, అది నాకు ఆ రోజు కూడా తెలుసు.

ఫోను

ఆ మధ్యాహ్నం ఓపీ చివరికొచ్చింది. నా బల్ల మీద ఫోను మోగింది. ఇవతల నాకు తెలిసిందీ, అవతల జరిగిందీ కలిపి వరసగా చెబుతాను.

విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దగ్గర జట్టు మొత్తం వరసలో నిలబడింది. మావాళ్లకు తనిఖీ కొత్త కాదు కదా, చెప్పకుండానే చేతులు పైకెత్తి నిలబడ్డారట. ఎస్తేరు ఆడవాళ్ల వరసలో ఉంది. బావ సంచిని ట్రేలో పెట్టి అవతలికి పోయాడు. సంచి మిషన్లోంచి వచ్చేసరికి సిరంజీలు, జెల్లు ప్యాకెట్లు కనపడ్డాయి. తెరిచి చూడాలని అక్కడి జవాను దాన్ని పక్కకు తీసి పైకెత్తి, ఇది ఎవరిది అని హిందీలో గట్టిగా అడిగాడు.

మా బావ ఆ సంచికి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఖాకీ బట్టల మనిషి, పైకెత్తిన చెయ్యి, ఎవరిదిది అనే మాట. నాది కాదు అని చెప్పి ముందుకు నడిచి, కుర్చీలో కూర్చున్నాడు.

కాసేపటికి ఎస్తేరు వచ్చి జట్టును లెక్క చూసుకుంది. బావ చేతులు ఖాళీగా ఉండటం చూసి సంచేది కాకా అని అడిగింది. బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడట.

"పట్టిండ్రు బిడ్డా. నాది కాదన్న," అన్నాడు.

తప్పించుకొచ్చినందుకు గర్వంగా కూడా ఉన్నాడట. అప్పటికి విమానం ఎక్కడానికి పిలుస్తున్నారు. ఆమె బావ చెయ్యి పట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

ఈలోగా అక్కడి అధికారి సంచి మీది నంబరు చూసి నాకు ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. నేను నాకొచ్చిన ఉర్దూలో అంతా వివరించాను. ఇన్సులిన్ అని, ఎంత డోసో, ఎన్ని సిరంజీలో, చీటీ ఏ మూల ఉందో చెప్పాను. చీటీ చూశాను, పేరు కూడా సరిపోయింది, ఇబ్బంది లేదు, అన్నాడు. అప్పుడే ఎస్తేరు బావను తీసుకొచ్చింది. అధికారి ఫోనును స్పీకర్లో పెట్టి, బావకు సంచి చూపించి, ఇది మీదేనా అని అడిగాడు.

"నాది కాదు సార్. నాకేం ఎరుకలే," అన్నాడు బావ.

అధికారి, ఆయనే కాదంటుంటే నేనెట్లా ఇస్తాను, అన్నాడు. అనక ఏం చేస్తాడు, ఆయన స్థానంలో నేనున్నా అదే అంటాను. నేను ఫోనులో అరవడం మొదలుపెట్టాను. అది నీదే, అందులో ఉన్నది నీ ఇన్సులిన్, దాని మీద నీ పేరుంది, డాక్టరు చీటీ ఉంది, రూలు ప్రకారం నువ్వే ఒప్పుకోవాలె, పొద్దుగూకేసరికి సూది పడకపోతే చస్తవ్, అని కిటికీ బయట జనం తిరిగి చూసేటట్టు అరిచాను. నేను ఎంత అరిస్తే బావ అంత గట్టిగా కాదంటున్నాడు. విమానం పోతే పోయింది, కానీ ఆ మొండి మనిషి సంచి వదిలేసి విమానం ఎక్కేస్తాడేమోనని నా భయం. అక్క ముఖం కళ్ల ముందు మెదిలింది.

అప్పుడు ఎస్తేరు గొంతు వినబడింది. నెమ్మదిగా, రోజూ ఇంజెక్షన్ గదిలో మాట్లాడినట్టే.

"కాకా, గిది బీడీల కట్ట గాదు. గిది నీ లాంపు," అంది. "లాంపు ఇడిసిపెట్టి బాయి దిగుతవా?"

బాయిలో దిగేవాడికి తలమీది క్యాప్ లాంపే కన్ను. దానికి ఎవరి నంబరు వారికుంటుంది. లాంపు రూము కిటికీ దగ్గర నంబరు చెప్పి, ఇది నాది అని అడిగి తీసుకోవాలి. లాంపు లేకుండా దిగినవాడు అడుగు కూడా వెయ్యలేడు. బావ ముప్పై ఏళ్లకు పైగా రోజూ చేసిన పని అది.

బావ సంచి దగ్గరికి జరిగాడట.

"లాంపు ఎట్ల ఇడిసిపెడత బిడ్డా," అన్నాడు బావ. "నాదే. ఇయ్యిండ్రి సార్, నాదే అది." ఆ వెంటనే తన పాత లాంపు నంబరు కూడా గట్టిగా చెప్పాడు. ఆ అధికారికి ఆ నంబరు ఏమిటో ఎట్లా అర్థమవుతుంది, అయినా సంచి తెరిచి, చూసి, ఇచ్చేశాడు. ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది.

నేను రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. బావ బతికాడు, సంతోషమే. కానీ ఆ మాట నాకెందుకు రాలేదు? ఆ లాంపు రూము ముందునుంచే కదా నేనూ ముప్పై ఏళ్లు సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వచ్చింది. ఆ బీడీల కథ నేనూ పది పెళ్లిళ్లలో విన్నాను. పైగా ఆయన నా బావ, ఆమెకేమవుతాడు? విమానం ఆమెకు దక్కినప్పుడు కడుపు మండింది. ఈ మాట ఆమెకు దొరికినప్పుడు మండింది అంతకంటే లోపల. కిటికీ దగ్గర ఒక అవ్వ, దగ్గు మందు ఇయ్యి సారూ అని సీసా చాపింది. తీసుకుని పోశాను.

యొర్దాను నీళ్లు

జట్టు క్షేమంగా తిరిగొచ్చింది. బావకు ఒక్క పూట కూడా సూది తప్పలేదు. యొర్దాను నీళ్లను చిన్న చిన్న సీసాల్లో పట్టి, బట్టల్లో చుట్టి అడుగు సామానులో వేయించింది ఎస్తేరు, నేను చెప్పినట్టే. ఆ ఒక్క సంగతిలో నా మాట నిలబడింది. అక్క సమాధి దగ్గరికి అందరం పోయాం. బావ ఎంత తిప్పినా రాని సీసా మూత ఎస్తేరు తీసిచ్చింది. తమ్ముణ్ని పక్కనే ఉన్నాను, మూత తియ్యమని నన్ను అడగొచ్చు కదా. ఇదేం మనస్తత్వమని మీరు అనుకుంటారు. అనుకోండి.

ఆ తర్వాత మా దవాఖానలో ఒక పద్ధతి మొదలైంది, దాన్ని నేనే మొదలుపెట్టాను. దూరం పోయే మనిషికి సంచి కట్టి ఇచ్చాక, ఎదురుగా నిలబడి, సంచి పైకెత్తి, ఇది ఎవరిది అని గట్టిగా అడిగేవాణ్ని. నాది అని ఆ మనిషి చెప్పాలి. మొదటిసారి అందరూ నీళ్లు నమిలేవారు. కొందరు నిజంగానే నాది కాదు అనేవారు. నాది, నా మందు, అని గట్టిగా అనేదాకా సంచి ఇచ్చేవాణ్ని కాదు. మీరు కూడా అట్లాగే అడగండి. సీసాల కొలతలూ, చీటీలూ మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. సంచి పట్టుకునే మనిషి ఇంతకుముందు ఎక్కడ తనిఖీకి నిలబడ్డాడో, అక్కడ ఏం చెప్పి బతికాడో పుస్తకంలో ఉండదు. వ్యవసాయం చేసేవాడైతే ఒకలాగ, బాయి కార్మికుడైతే ఒకలాగ, వాడి మాటలో చెప్పాలి. నాకు ఆ విద్య సగమే వచ్చింది. అరవడం తగ్గించాను, అంతవరకే.

దిగిపోయిన రోజు

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. దవాఖాన వరండాలో చిన్న సభ పెట్టారు. పూలదండ, శాలువా, మిక్చరు పొట్లాలు. నా గురించి మంచి మాటలు చెప్పమంటే అందరూ నేను కోపిష్టినని చెప్పారు. ఆఖరున మా బావ లేచాడు. నా గురించి చెబుతాడని నేను దండ సర్దుకుని కూర్చున్నాను. ఆయన విమానాశ్రయం కథ ఎత్తుకున్నాడు.

ఆ కథ అప్పటికి బీడీల కథను పెళ్లిళ్లలోంచి వెళ్లగొట్టింది. జవాను ఎట్లా సంచి ఎత్తాడో చేత్తో చూపించాడు. ఎస్తేరు ఎట్లా పరుగెత్తిందో చెప్పాడు. లాంపు మాట దగ్గర ఆగి, అందరూ అబ్బా అనేదాకా చూశాడు. ఆమె వాళ్ల నాయిన నా బీడీలు గుంజుకున్నడు, బిడ్డ నా పాణం నిలబెట్టింది, అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా రిటైర్‌మెంటు సభలో ఎస్తేరుకు చప్పట్లు.

"ఇంకోటి ఉన్నది," అన్నాడు బావ. "ఫోన్ల ఎవడో మేనేజరు ఒకటే అరుసుడు, ఒర్లుడు. వానికి భయపడే నేను నాది కాదన్న."

ఇన్నేళ్లు ఆ కథ ఎన్నిసార్లు విన్నానో, ఫోనులో ఉన్నది నేనేనని ఆయనకు తెలుసనే అనుకున్నాను. చెప్పి నవ్వులపాలు కావడం ఎందుకని తల వంచుకున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఎస్తేరు లేచింది.

"మేనేజరు గాదు కాకా, ఫోన్ల మాట్లాడింది మన సారే," అంది. "సంచి మీద సారు నంబరు రాయకుంటే వాళ్లు మనకోసం ఆగేటోళ్లే గాదు. సంచి చెత్తల వడుతుండె."

నా ఉద్యోగం మొత్తంలో నా పని గురించి ఎవరైనా అంత సరిగ్గా చెప్పింది అదే మొదలు, అదే ఆఖరు. అది కూడా ఆమె నోటినుంచే రావాలా అనిపించింది. నా కళ్లు నిండాయి, ఏడుపుతోనో కుళ్లుతోనో ఇప్పటికీ చెప్పలేను.

బావ నా వైపు తిరిగాడు.

"నువ్వా బామ్మర్దీ?" అన్నాడు. "మరి గట్ల ఒర్లితే నాదని ఎవడు ఒప్పుకుంటడు?"

వరండా అంతా గొల్లుమంది. మా ఇంటామె అందరికంటే ఎక్కువ నవ్వింది. ఎస్తేరు ఒక్కతే నవ్వకుండా, నా మెడలో జారిపోతున్న దండను సర్ది వెళ్లి తన చోట కూర్చుంది. దానికి కూడా నాకు కుళ్లు పుట్టింది.